మాక్రాలజీని సాగనంపిన అన్నదమ్ములు

రేగిపాలెంలో ముగ్గురన్నదమ్ములు, గంటయ్య, బంగారయ్య, అప్పలకొండ. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. అది బయటికి పారిపోకుండా ఏడాది పొడుగునా కిటికీలు మూసే ఉంచేవాళ్ళు. చాలదన్నట్టు పొగగొట్టంలో గోనె కుక్కారు. పొగకి కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, "చూశారా, తెలివి పొంగిపోతోంది!" అనేవాడు గంటయ్య.

చిన్నవాడు అప్పలకొండకి ఒక్కటే దిగులు, పెళ్ళి కావటం లేదని. పిల్లవైపు వాళ్ళు వచ్చి "కాసిని మంచినీళ్ళు" అంటే చాలు, పెద్దన్న గంటయ్య నుయ్యి తవ్వించిన నాటినుంచి మొదలెట్టేవాడు. రాయి పడటం, తాడు తెగటం, ఆ తాడు పేనినవాడి మేనత్త కాశీకి పోవటం... ఇంకేముంది, వచ్చినవాళ్ళు దాహంతోనే లేచిపోయేవాళ్ళు. వచ్చిన సంబంధమల్లా అలాగే తప్పిపోయింది.

ఇక లాభం లేదని అప్పలకొండ అన్నలిద్దర్నీ ఇంగ్లీషు చెప్పే జోగారావు మేష్టారి దగ్గరికి లాక్కుపోయాడు.

"దీన్ని మాక్రాలజీ అంటారయ్యా," అన్నాడు మేష్టారు సంబరంగా. "ఇంగ్లీషువాళ్ళలోనే చాలామందికి తెలీని మాట. మాక్రోస్ అంటే పొడుగు, లోగోస్ అంటే మాట. గ్రీకులో పుట్టింది, లాటినులో పెరిగింది, ఓ నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషులో అడుగుపెట్టింది. చిన్న సంగతిని అనవసరంగా సాగదీసి చెప్పటమన్నమాట."

బంగారయ్య వెంటనే అన్న నోరు తెరిపించి వేళ్ళతో కొలిచాడు. "పొడుగంటారేంటండీ, బెత్తెడు కూడా లేదు!"

"ఒరే, అది నాలుకరా!" అన్నాడు మేష్టారు.

"ఇంతకీ ఈ మాక్రాలజీ మా ఊరెలా వచ్చిందండీ?" అన్నాడు అప్పలకొండ.

"ఇంకెలా? తెల్లవాళ్ళ ఓడెక్కి," అని నవ్వాడు మేష్టారు.

అంతే! అప్పలకొండకి అంతా బోధపడిపోయింది. పాపం ఆ మాక్రాలజీ, నాలుగు వందల ఏళ్ళు దాటిన ముసలిది, దేశాలు దాటొచ్చి అన్న నోట్లో బస చేసింది. చుట్టాన్ని సాగనంపినట్టు ఓడెక్కించేస్తే సరి.

మర్నాడే ముగ్గురూ భీమిలి బస్సెక్కారు. టిక్కెట్లు మాత్రం నాలుగు తీశారు. ఖాళీ సీట్లో కూర్చోబోయినావిడతో, "చూసుకోమ్మా, అక్కడ మా ముసలావిడ ఉంది. అన్న నోట్లో ఇరుగ్గా ఉందని కాస్త బయటికొచ్చింది," అన్నాడు బంగారయ్య. ఆవిడ నించునే ప్రయాణం చేసింది.

సముద్రం ఒడ్డుకి చేరగానే అప్పలకొండ, "అన్నా, నుయ్యి దగ్గర్నుంచి అందుకో. లోపల ఒక్క ముక్క మిగలకూడదు," అన్నాడు. గంటయ్య అందుకున్నాడు. అలల హోరుకి మించి అరిచాడు. పొద్దు వాలేసరికి గొంతు పూర్తిగా పోయింది.

"ఓడెక్కేసింది!" అని గంతేశాడు అప్పలకొండ.

బంగారయ్య నీళ్ళలో తాంబూలం వదిలి, చెయ్యూపుతూ, "వెళ్ళిరా అమ్మా!" అన్నాడు.

అప్పలకొండ ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. "రమ్మంటావేంటి బంగారన్నా!"

"చుట్టాన్ని పట్టుకుని పొమ్మంటే ఏం బాగుంటుందిరా?"

"మరి వచ్చేస్తే?"

"పిలిచాక రాదేంటి? మర్యాద తెలిసిన మనిషి!"

ఆ భయంతోనే ఇల్లు చేరారు. గంటయ్య గొంతు ఇంకా రాకముందే సన్నిబాబు అనే ఆయన తన కూతురికి సంబంధం మాట్లాడటానికి వచ్చాడు. మంచినీళ్ళడిగాడు. గంటయ్య నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. నీళ్ళు మాత్రం వెంటనే వచ్చాయి. "పెద్దాయన ఎంత నెమ్మదస్తుడు!" అని మురిసిపోయి, సన్నిబాబు ఆ వారమే ముహూర్తం పెట్టించేశాడు.

పెళ్ళి పందిట్లో అంతా కూర్చున్నారు. గంటయ్య గొంతు సవరించుకుని, "నుయ్యి..." అన్నాడు.

ఇంకేముంది! పీటల మీదున్న అప్పలకొండ లెక్క కట్టేశాడు. ముందుగా ఒక్క మాటొచ్చింది, తక్కినవన్నీ వెనక బస్సులో ఉండుంటాయి! బాసికంతోనే లేచి రోడ్డు మీదికి పరుగెత్తాడు. వస్తున్న బస్సుకి అడ్డంగా చేతులు చాపి, "గ్రీసు నుంచి వచ్చినవాళ్ళెవరూ దిగకండి!" అని కేకేశాడు.

"ఇది విజయనగరం బస్సు బాబూ," అన్నాడు కండక్టరు.

"దారిలో మారి ఉంటుందండీ. పోయినసారి లాటినులో మారింది!"

ఇంతలో సన్నిబాబు రొప్పుకుంటూ వచ్చాడు. "బాబూ, ముహూర్తం మించిపోతోంది! తాళి ఎవరు కడతారు?"

"నేనిక్కణ్ణుంచి కదిలితే అది ఊళ్ళోకొచ్చి పెళ్ళి చెడగొడుతుంది మావా! నాకోసం ఆగకండి, మీరు కానిచ్చేయండి. ముళ్ళు వెయ్యటంలో బంగారన్న దిట్ట, మా గడ్డిమోపులన్నీ ఆయనే కడతాడు. నేను భోజనాలకి అందుకుంటాను!"