మూతి కనిపించని బొమ్మ

దూసి ధర్మయ్య మాస్టారికి ఒక అలవాటుండేది. శిష్యులెవరైనా ఫోటో తెచ్చి "ఇది ఫలానా జంతువండీ" అనగానే, "పేరు నేనడగలేదు నాయనా, కనపడేది చెప్పు" అనేవారు. తోక ఎంతుంది, చెవి ఎలా ఉంది, మూతి మొద్దుగా ఉందా సూదిగా ఉందా, ఇవన్నీ అయ్యాకే పేరు. కొత్తగా చేరినవాళ్లకి ఇదంతా చాదస్తంగా తోచేది. నిజం చెప్పొద్దూ, పాతవాళ్లకీ అలాగే తోచేది. కాకపోతే వాళ్లు పైకి అనేవారు కాదు.

మాస్టారు విజయనగరంలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. అంతకు ముందు కొన్నేళ్లు ఆస్ట్రేలియాకి దక్షిణాన ఒక చిన్న దీవిలో పనిచేసి వచ్చారు. ఆ దీవి అడవిలో చెట్లకి కెమెరాలు కట్టి ఉంటాయి. ఎదుట ఏది కదిలినా వాటంతటవే ఫోటో తీస్తాయి. ఆ ఫోటోలు వేలకు వేలు ఇంటర్నెట్‌లో విజయనగరంలోని మాస్టారి గదికి వస్తే, ఏది ఏ జంతువో పోల్చి రాయడం శిష్యుల పని. అక్కడ పొట్టసంచిలో పిల్లల్ని మోసే చిన్న సంచిజీవులున్నాయి. కంగారూకి చుట్టాలే గానీ మన చుంచెలుకంత ఉంటాయి, మూతి కూడా అలాగే సూదిగా ఉంటుంది. అవి ఆ నేల బిడ్డలు. ఓడలెక్కి వచ్చి అక్కడ దిగబడ్డ ఎలుకలు వేరే ఉన్నాయి. నేలమీద గూడు పెట్టే పక్షుల గుడ్లని అవి బతకనివ్వవు. అందుకని ఎలుకలు తిరిగే లోయల్లో మందు పెడతారు. పాపం, మందుకి ఎలుకేదో సంచిజీవేదో తెలియదు. అది ముందు ఈ గదిలో తెలియాలి.

శిష్యుల్లో గేదెల కాంచన చురుకైన పిల్ల. "ఇంటిపేరు గేదెల, పొద్దస్తమానం చూసేవి ఎలుకలు" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే నవ్వేసి తన పని తాను చూసుకునేది. ఒక మధ్యాహ్నం పద్నాలుగో కెమెరా నుంచి ఆమెకి ఒక ఫోటో వచ్చింది. ఆకుల మాటున నడుము, వెనక కాళ్లు, తోక. తల పడలేదు. ఆ లోయలో మందు పెట్టాలో వద్దో సాయంత్రంలోగా చెప్పమని దీవి వాళ్ల ఉత్తరం. 'తెలియదు' అని రాస్తే మళ్లీ కెమెరా పెట్టి పదిరోజులు ఆగాలి; అది ఎలుకే అయితే ఆ పదిరోజులూ పక్షుల గుడ్లకి దిక్కులేదు. కాంచన చాలాసేపు చూసి, 'ఎలుక' అని రాసి, మాస్టారికి చూపించింది.

"తల ఏదమ్మా?" అన్నారాయన.

ఆ పిల్లకి ఉక్రోషం ముంచుకొచ్చింది. "నాలుగువేల ఫోటోలు చూశాను మాస్టారూ. నడుము చూసి చెప్పలేనా? తెలియదు, తెలియదు అని రాయడానికేనా ఇంత చదువు?"

మాస్టారు ఫోటో తన వైపు తిప్పుకున్నారు. గది ఊడుస్తున్న సన్యాసమ్మని పిలిచి, "ఇదేమిటో కాస్త చూసిపెట్టు" అన్నారు.

సన్యాసమ్మ చీపురు గోడకానించి, కళ్లు చికిలించి చూసింది. "మూతేది బాబూ?"

"మూతి పడలేదు."

"మూతి సూడకుండా ఎలకో సుంచో నానేటి సెప్తాను?"

కాంచనకి నవ్వొచ్చింది. సన్యాసమ్మకి రాలేదు.

"నవ్వకు పాపా. నిరుడు మా ఇంట్లో బియ్యం డ్రమ్ము ఎనకాల తోక అవుపడింది. ఇంట్లో ఎలకలు మెండుగా ఉండీవి, ఇదీ ఎలకేననీసుకున్నాను. ఎండునెత్తళ్ల సేపలకి మందు రాసి పెట్టీసినాను. తెల్లారి సూద్దును కదా, సుంచు! సచ్చి పడుంది. దాని ఎనకాల నాలుగు పిల్లలు, ముందుదాని తోక మొదలు నోట కరుసుకుని, ఒకదాని ఎనక ఒకటి వరసగా ఉన్నాయి. అమ్మ నడిస్తే నడుద్దారని. సీపురెట్టి కదిపినా ఒగ్గలేదమ్మా. ఆ పాపం ఏ గంగలో మునిగితే పోద్ది?"

కొంగుతో కళ్లొత్తుకుని, చీపురు తీసుకుని, ఆమె వరండాలోకి వెళ్లిపోయింది.

కాంచన ఫోటో ముందు కూర్చుంది. ఇందాక అంత తేటగా కనిపించిన ఎలుక ఇప్పుడు నడుమూ తోకా మాత్రమే అయి కూర్చుంది. పోనీ 'తెలియదు' అందామంటే గుడ్లు గుర్తొస్తున్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"గుడ్లు పోతేనో మాస్టారూ?" అంది చివరికి.

"పోవచ్చు" అన్నారాయన. ఆ మాట ఆయనకీ తేలిగ్గా రాలేదు.

కాంచన 'ఎలుక' కొట్టేసి 'తెలియదు' అని రాసింది.

పదకొండో రోజున కొత్త ఫోటో వచ్చింది. అదే రాయి, అదే ఆకులు, ఈసారి తలతో సహా. మొద్దు మూతి, గుండ్రటి చెవులు. సందేహం లేదు, ఎలుకే. కిందే ఉత్తరం: లోయలో రెండు గూళ్లు ఖాళీ అయిపోయాయి, మీరు ఎలుకంటే రేపే మందు పెడతాం.

కాంచనకి దుఃఖం ఆగలేదు. "నేను మొదట రాసిందే నిజం కదా మాస్టారూ! అనవసరంగా రెండు గూళ్లు పోయాయి."

మాస్టారు ఉత్తరం రెండుసార్లు చదివారు. ఆయన ముఖం కూడా చిన్నబోయే ఉంది.

తడిగుడ్డ పిండుతూ గుమ్మంలోంచి సన్యాసమ్మ అడిగింది. "మూతి పడిందా పాపా?"

"పడింది."

"ఏటట మరి?"

కాంచన కళ్లు తుడుచుకుని ఇంకోసారి ఫోటోకేసి చూసింది. మూతి, చెవులు, తోక, ఒక్కొక్కటే చూసి, "ఎలుక" అంది.

మాస్టారు, రాయమన్నట్టు, ఆమె వైపు కాగితం జరిపారు.

"ఇప్పుడైందమ్మా ఎలుక" అన్నారు.