లూదియమ్మ దోసెడు బియ్యం

అదే మాట, నాయనా. నువ్విప్పుడు అడిగావే, సరిగ్గా అదే మాట ఆ ఆదివారం లూదియమ్మ కూడా అడిగింది. ఆరాధన అయిపోయింది. జనమంతా చెప్పులేసుకోని ఎండలో పడి ఇళ్ళకి పోతన్నారు. ఆమె మాత్రం గుడి గడప కాడ నిలబడి ఉపదేశి జక్కరయ్యగారి మొహంలోకి చూసి అడిగింది. "అయ్యగారూ, విశ్వాసం పెరగాలంటే ఇంకా ఏం చెయ్యాల? నా చేతనైందంతా చేశా. ఇంకేం మిగిలిందో అది చెప్పండి, అది కూడా చేస్తా."

జక్కరయ్యగారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుస్తాడు, తుడుస్తానే ఉంటాడు, తర్వాత లేచి ఎటో నడుస్తాడు. అడిగినోళ్ళు వెంట పోవాల, అంతే. లూదియమ్మకి అక్షరం ముక్క రాదు. ఏడేళ్ళబట్టి ప్రతి బుధవారం తన అరుగు మీద కూర్చోబెట్టి, వాక్యమంతా ఆయనే నోటితో చెప్పించాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు ఆమె పొయ్యికాడా చేలోనా గొణుక్కుంటా ఉండేది. తండ్రి లెక్క ఆమెకి ఆయన.

ఊరికే అడగలా ఆమె. మొగుడు ఏసోబు మంచాన ఉన్నాడు. ఇరవై ఏళ్ళు కొండ మీద క్వారీలో రాయి కోసే మిషను కాడ పనిచేశాడు. ఆ పొడి పీల్చి పీల్చి లోపలంతా పేరుకుపోయింది. పెద్దాస్పత్రిలో చూసి, ఇంటికి తీసకపోండి, అడిగింది పెట్టండి అన్నారు. పడుకుంటే ఊపిరాడదు. గోడకి దిండ్లు ఆనించుకోని కూర్చునే కునుకు తీస్తాడు. పక్కింటి రాహేలు చూడ్డానికొచ్చి, "మా ఆయనకి గుండెల్లో నొప్పొస్తే ఒక్క ప్రార్థనకే లేచి కూర్చున్నాడు వదినా. నమ్మిక ఉండాల. నీలో ఏదో తక్కువుంది, చూసుకో" అనింది. చెడ్డది కాదు రాహేలు, ధైర్యం చెప్పాననే అనుకుంది. కానీ లూదియమ్మ ఆ మాట పట్టుకుంది. తనలో తక్కువ ఉండబట్టే మొగుడు పోతన్నాడు, ఆ తక్కువ నిండితే బతుకుతాడు. అంతే, ఇంకో ఆలోచన లేదు.

ఇక నింపడం మొదలుపెట్టింది. పొద్దున్నే మొగుడి చేతికందే దూరంలో చెంబుడు నీళ్ళు పెట్టి గుడికి పోయేది. మిట్టమధ్యాహ్నం దాకా మోకాళ్ళ మీదే. మళ్ళీ సాయంత్రం. శుక్రవారం ఒక్కరోజుండే ఉపవాసం మూడు రోజులయింది. కళ్ళు మూసుకోని ఎంత పిలిచినా పైన రేకులకి చెప్పుకున్నట్టే ఉండేది. ఎవరూ వింటన్నట్టు ఉండేది కాదు. అది కూడా తన తప్పే అనుకునేది. ఇంకా గట్టిగా పిలిచేది. గొంతు పోయింది, మోకాళ్ళు నల్లగా కమిలి కాయలు కాసినయ్యి.

మన గుళ్ళల్లో పిడికిటి బియ్యం ఉంది గదా. ఎసట్లో పోసేముందు ఆడమనిషి ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేసుద్ది. వారానికి పోగయినయ్యి ఆదివారం మూటగట్టి తెచ్చి గుళ్ళో గంపలో పోసుద్ది. ఆ గంపే ఉపదేశి ఇంటికి వారం కూడు. లూదియమ్మ ఆ పిడికిలి విప్పేసింది. ఒక చేత్తో వేసేది రెండు చేతులా వెయ్యబట్టింది. ఇంట్లో ఉండేయే కోటా బియ్యం, అందులో పూటపూటా దోసెడు పోతే మిగిలేదేంది? ఆమె పస్తు, ఆయనకి పల్చటి గంజి. ఏసోబుకి ఊపిరాడకపోయినా ఎకసెక్కం మానడు. "ఏమే, దేవుడికి అన్నం, నాకు గంజినీళ్ళా? ఇంతకీ రోగం నాకా, ఆయనకా?" అన్నాడొకరోజు. "నోరు మూసుకో, నీ కోసమేగా" అనింది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలా.

ఆ ఆదివారం ఆమె మూట ఇంకా గంపలో పొయ్యలా, ముడి బిగుసుకపోయి రాక గంప పక్కన పెట్టింది. జక్కరయ్యగారు కళ్ళజోడు తుడుచుకోని, పెట్టుకోని, పోయి ఆ మూట ఎత్తాడు. ఎత్తి ఆగాడు.

"ఇది వారం బియ్యమేనా అమ్మాయ్?"

"ఔనయ్యగారూ."

"ఇంట్లో ఎన్నున్నయ్యి?"

ఆయన మూట భుజాన వేసుకోని గుడి మెట్లు దిగాడు. తన ఇంటికి తిరగాల్సిన కాడ తిరగలా, మాదిగపల్లె చివర ఆమె ఇంటి దారి పట్టాడు. ఆమె వెనకాలే పోయింది. ఏదో గట్టి ప్రార్థన చేస్తాడు గావాల, ఈ దెబ్బకి రోగం నయమైపోద్ది అనుకుంది పిచ్చిది.

ఇంట్లోకి పోతే చెంబు మంచం కింద దొర్లి ఉంది. నేలంతా ఎప్పుడో ఆరిపోయింది. ఏసోబు నాలిక పిడచగట్టి ఉంది. వంగి అందుకునే ఓపిక లేదు, కేకేసే ఊపిరి లేదు. ఆమె పరిగెత్తి నీళ్ళు పట్టింది.

"ఎప్పుడు పడింది?" అన్నాడు అయ్యగారు.

"పొద్దున గుళ్ళో మొదటి గంట కొట్టారే, అప్పుడు," అన్నాడు ఏసోబు. అన్నాక ఆమె మొహం చూసి, "పర్లేదులే, ఆరాధన అయిందాకా పాటలు వినపడినయ్యి" అన్నాడు.

జక్కరయ్యగారు పొయ్యికాడ గొంతుకూర్చుని మూట ముడి పళ్ళతో లాగి ఊడదీశాడు. "ఇయ్యి కడిగి ఎసట్లో పొయ్యి. చింతపండుందా?"

లూదియమ్మ మూట మీద చెయ్యి అడ్డం పెట్టింది. "వొద్దయ్యగారూ. దేవుడి పేరు చెప్పి తీసినయ్యి. మళ్ళీ మేం తింటే, మా ఆయనకేమన్నా అయితే?"

"దేవుడికి నేను చెప్పుకుంటాలే. ముందు పొయ్యి వెలిగించు."

మంచంలోనుంచి ఏసోబు, "మరి మీ ఇంట్లో ఈ పూట ఏం తింటారండీ?" అన్నాడు.

"మా ఆవిడ తిట్లు. కడుపు నిండా పెట్టుద్ది."

ఏసోబు నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే కళ్ళు తేలేశాడు. మళ్ళీ మామూలు మనిషి అయ్యేతలికి అన్నం ఉడికింది. చింతపండు చారు, మెత్తటి అన్నం పళ్ళెంలో పెట్టి మొగుడి ముందుంచి, లూదియమ్మ అలవాటు కొద్దీ గోడవారకి పోయి మోకాళ్ళు వెయ్యబోయింది.

"యాడికి? ఈడ కూర్చో," అన్నాడు అయ్యగారు. అని ఆయన బయట పంచలోకి పోయి కూర్చున్నాడు.

మంచం పట్టె మీద కూర్చుంది. ఎన్ని నెలలయిందో ఆ మంచం మీద ఆమె కూర్చుని. చొక్కా లోపల మనిషి ఇంత చిక్కిపోయాడని అప్పుడు చూసింది. గడ్డమంతా తెల్లబడింది, అది కూడా అప్పుడే చూసింది. ముద్ద కలిపి నోటికందించింది. ఒక ముద్దకీ ఇంకో ముద్దకీ మధ్య ఊపిరి కోసం ఆగాల. ఆగినప్పుడల్లా ఏసోబు ఆమె కాళ్ళవంకే చూశాడు.

"ఏందే ఆ మోకాళ్ళు? నేను ఇరవై ఏళ్ళు రాళ్ళల్లో పనిచేసినా నాకట్టా కాలేదు."

ఆమె ఇంకో ముద్ద పెట్టింది. అది తిన్నాక, "రేపు పోబాక. ఈడే ఉండు" అన్నాడు. ఆమె తలూపింది. ఆయన మళ్ళీ నోరు తెరిచాడు.

పొద్దు వాలేదాకా ఆమె ఆ పట్టె దిగలా. జక్కరయ్యగారు లేచి తువ్వాలు దులుపుకుంటంటే వాకిట్లోకొచ్చి, ఆయన దారికి అడ్డం నిలబడింది. చేతికి ఇంకా మెతుకులు అంటుకునే ఉన్నయ్యి.

"నేనడిగిందానికి మీరు చెప్పలా అయ్యగారూ. ఇయ్యాల మోకాళ్ళు కూడా వెయ్యలా నేను. ఇచ్చింది కూడా వెనక్కి తీసుకున్నా. నాలో తక్కువ తక్కువగానే ఉండిపోయింది. ఇంకెట్టా పెరుగుద్ది?"

ఆయన ఆమె చెయ్యివంక చూశాడు.

"పెరిగిందో లేదో నాకేం తెలుసమ్మా. ఇంకో ముద్ద అడిగాడు, పెట్టావు."

అని వెళ్ళిపోయాడు. తెల్లారేతలికి ఏసోబు లేడు.