అరవై రెండు వేల నక్షత్రాలు

రజిత ఒక్క లైన్ కొట్టి ఎంటర్ నొక్కింది. మూడేళ్ల పని పోయింది.

పోయిందని వెంటనే తెలియలేదు. అప్పుడు ఉదయం పదకొండున్నర. కిందికి దిగి టీ తాగి వచ్చింది. వచ్చాక తన నక్షత్రాల టేబుల్‌లో ఎన్ని వరుసలున్నాయో చెప్పమని కంప్యూటర్‌ని అడిగింది. సున్నా అంది. మళ్లీ అడిగింది. మళ్లీ సున్నా.

ఆ టేబుల్‌లో అరవై రెండు వేల వరుసలుండాలి. ఒక్కో నక్షత్రానికి ఒక్కో వరుస. అది ఆకాశంలో ఎక్కడుంది, ఎంత వెలుగుతోంది అన్నవి టెలిస్కోపు ఇచ్చిన అంకెలు. చివరి గడి మాత్రం రజితది. ఒక్కో నక్షత్రం వెలుగు గ్రాఫ్ తెరిచి, అది నిజంగానే అప్పుడప్పుడు మసకబారుతోందా, లేక పరికరం చేసిన తప్పా అని కంటితో చూసి తేల్చాలి. నిజమైతే ఒకటి, కాకపోతే సున్నా. యంత్రం తేల్చలేకపోయిన నక్షత్రాలే ఆమె దగ్గరికి వచ్చాయి.

ల్యాబ్‌లో మిగతావాళ్లు మౌస్ పట్టుకుని పూటంతా చేసే పనిని రజిత కమాండ్ లైన్ మీద ఒక్క లైన్‌లో చేసేది. కొత్తగా చేరినవాళ్లు వెనక నిలబడి చూసేవాళ్లు. వాళ్లు చూస్తున్నారని తెలిస్తే ఆమె వేళ్లు ఇంకాస్త వేగంగా కదిలేవి.

ఆ రోజు కొట్టిందీ అలాంటి లైనే. నక్షత్రాలను వెలుగు ప్రకారం వరుసగా పేర్చు, అదే ఫైల్‌లో రాయి, వెంటనే రెండో డిస్క్‌లోకి కాపీ చెయ్యి. చదివే ఫైల్‌లోనే రాయమంటే కంప్యూటర్ చదవకముందే దాన్ని ఖాళీ చేసేస్తుంది. ఈ సంగతి రజితకు తెలుసు. కొత్తవాళ్లకు జాగ్రత్త చెప్పేదే ఆమె. ఖాళీ అయిన ఫైల్ వెళ్లి రెండో డిస్క్‌లో ఉన్న మంచి కాపీని కూడా చెరిపేసి దాని చోట కూర్చుంది.

డిస్కులు రెండూ కంప్యూటర్ సెంటర్‌వాళ్లు తీసుకెళ్లారు. మూడో రోజు తిరిగిచ్చారు.

"ఏం మిగల్లేదు మేడమ్," అన్నారు.

ఆ మూడు రోజులూ రజిత హాస్టల్ గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. మెస్సుకు పోలేదు. అమ్మ ఫోన్ చేస్తే జ్వరమని చెప్పింది. కళ్లు మూసుకుంటే ఆ లైన్ అక్షరం అక్షరం కనిపించేది. వేరే పేరు ఇచ్చి ఉంటే సరిపోయేది. ఫైల్ పేరులో ఒక్క అక్షరం మారినా సరిపోయేది.

నాలుగో రోజు కాగితం ఒకటి రాసుకుని తన పీహెచ్‌డీ గైడ్ వహాబ్ గారి గదికి వెళ్లింది.

వహాబ్ గారికి అరవై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లుగా నక్షత్రాల వెలుగు కొలుస్తున్న మనిషి. శిష్యులను తిట్టరు, మెచ్చుకోరు. మాట అవసరమైన చోట కూడా సగమే మాట్లాడతారని ల్యాబ్‌లో చెప్పుకుంటారు.

"కాగితమేంటమ్మా?"

"మానేస్తున్నాను సార్."

ఆయన చదివి బల్ల మీద పెట్టారు.

"టెలిస్కోపు ఇచ్చిన అసలు టేబుల్ ఉందిగా?"

"ఉంది సార్. చివరి గడి లేనిది."

"థీసిస్‌కి గడువు?"

"ఐదు నెలలు."

"ఐదు నెలల్లో మళ్లీ అంతా చూడగలవా?"

"లేదు సార్."

"అవును, కుదరదు," అన్నారు ఆయన.

ఏదో ఒక దారి చూపిస్తారని రజితకు లోపలెక్కడో ఆశ ఉండింది. అది ఉన్నట్టు కూడా ఆమెకు అప్పుడే తెలిసింది, పోయాక.

వహాబ్ గారు తన ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్నారు. రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కమాండ్ కొట్టారు. అసలు టేబుల్‌లోంచి మొదటి వరుస ఒక్కటే తెర మీదికి వచ్చింది. ఆ నక్షత్రం గ్రాఫ్ కూడా తెరిచి ఆమె వైపు తిప్పారు. తెర నిండా చెల్లాచెదురుగా చుక్కలు.

"ఒకటా, సున్నానా?"

రజిత తల ఎత్తలేదు.

"చూడమ్మా."

"నేను చూసినవైతే మళ్లీ చూస్తాను సార్," అంది. "నావి కానివి ఉన్నాయి అందులో."

ఆయన తెర మీది నుంచి చూపు ఆమె వైపు తిప్పారు. చెప్పేదాకా ఆగారు.

"మా నాన్న ముప్పై మూడేళ్లు సిరిసిల్లలో సాంచెల మీద, అదే మరమగ్గాల మీద, పనిచేశాడు సార్. ఊపిరితిత్తుల నిండా పత్తి దుమ్ము. చివరి రెండు నెలలు ఆస్పత్రిలోనే. నేను మంచం పక్కన కూర్చుని ఇదే పని చేసుకునేదాన్ని. ఏందది బిడ్డా అని అడిగితే చూపించాను. మర్నాటి నుంచి ఆయన చూసి చెప్పడం, నేను నొక్కడం. మొదట్లో అన్నీ మళ్లీ సరిచూసేదాన్ని. ఒకసారి నేను సున్నా అన్నాను, కాదు ఒకటి పెట్టు అన్నాడు. తర్వాత ఇంకో టెలిస్కోపు అంకెలు వస్తే ఆయన చెప్పిందే నిజమైంది. ఇక సరిచూడడం మానేశాను. నాలుగు వేలు చూశాడు సార్, ఇంకా ఎక్కువేనేమో."

"ఏ వరుసలో తెలుసా?"

"రాసుకోలేదు సార్. అందులో ఎక్కడో ఉన్నాయి, చాల్లే అనుకున్నాను."

రజిత చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.

"ఆయన పోయి ఏడాదిన్నర. చదువుకోలేదు సార్. సంతకం కూడా రాదు, వేలిముద్రే. ఈ లోకంలో ఆయన రాసింది ఆ ఒకట్లూ సున్నాలే." చున్నీతో మొహం కప్పుకుంది. "వాటిని నేనే చెరిపేశాను."

వహాబ్ గారు ఊరుకోమ్మా అనలేదు. మంచినీళ్లు ఇవ్వలేదు. చాలాసేపు ఆ చుక్కల వైపే చూస్తూ కూర్చున్నారు. తర్వాత అడిగారు.

"మీ నాన్నగారు ఎలా చూసేవారు?"

"ఎలా అంటే?"

"నువ్వు తెర మీదికి వంగి చూస్తావు. నేనూ అంతే. ఆయన?"

రజిత ముక్కు తుడుచుకుంది.

"దూరం పెట్టమనేవాడు సార్. మంచం చివర, కాళ్ల దగ్గర. 'గుడ్డల ఏడన్న పోగు తప్పితే మీదవడి సూస్తె కానరాదు బిడ్డా, జెర ఎనక్కి జరిగి సూడు' అనేవాడు."

వహాబ్ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ల్యాప్‌టాప్‌ను బల్ల అవతలి అంచుకు నెట్టారు. కుర్చీని బరబరా వెనక్కి లాగారు. అది వెళ్లి బీరువాకు తగిలింది. అక్కణ్నుంచి కళ్లు చికిలించి చూశారు.

"ఇంత దూరమా?"

రజిత ఆయన్ని చూసింది. తర్వాత, నాలుగు రోజుల్లో మొదటిసారి, తెరను చూసింది.

"ఇంకొంచెం వెనక్కి, సార్," అంది.

వహాబ్ గారు కుర్చీలోంచి లేచి, తలుపు దాకా వెళ్లి నిలబడ్డారు.