కట్ట తెంపిన పెద్ద

ఎండాకాలం ముదిరింది. ఇప్పలోయలో వాగు దారంలా సన్నబడింది. అయినా అక్కడి జంతువులకు దిగులు లేదు. అన్నీ కలిసి వాగుకు అడ్డంగా రాళ్ళకట్ట కట్టుకున్నాయి. దాని వెనక మడుగు నిండుగా ఉంది. "కట్ట భారం నాది!" అని రొమ్ము చరుచుకున్న గుబురయ్య అనే ఎలుగుబంటికి పెత్తనం అప్పగించాయి.

ఒకనాడు డిప్పమ్మ అనే తాబేలు ఇసుకలో గుంత తీసి గుడ్లు పెడుతోంది. అంతలో గుబురయ్య అటూ ఇటూ చూసుకుంటూ కట్ట దగ్గరికొచ్చాడు. నీళ్ళు తగ్గితే చేపలు సులువుగా చిక్కుతాయని ఓ బండ లాగాడు. అంతే! కట్ట భళ్ళున తెగింది. మడుగంతా బుసలు కొడుతూ పల్లానికి పారింది. గుబురయ్య ఒక్క ఉదుటున పొదల్లో దూరాడు. కంచే చేను మేసిందని డిప్పమ్మ నోరు తెరిచి ఉండిపోయింది.

దూడల్ని వెంటేసుకుని అడవిదున్న, కూనలతో జింకలు పరుగెత్తుకొచ్చాయి. మడుగులో బురద తప్ప ఏమీ మిగల్లేదు.

"ఎవరిదీ పాడుపని?" అడవిదున్న రంకె వేసింది.

గుబురయ్య అప్పుడే నిద్రలేచినట్టు ఆవులిస్తూ వచ్చాడు. వెంట, ఆయన తానంటే తందాన అనే నక్క.

"ఇంకెవరిది? అదిగో గుంత! డిప్పమ్మ తవ్వింది, కట్ట కుంగింది," అంది నక్క.

"నా గుంత ఎక్కడ, కట్ట ఎక్కడ? బండ లాగింది గుబురయ్య. నా కళ్ళారా చూశాను!"

"పెద్ద మీదే నింద వేస్తావా?" గుబురయ్య కళ్ళెర్రజేశాడు. "పొద్దు వాలేలోగా లోయ వదిలిపో!"

అందరూ పెద్ద మాటే నమ్మారు. డిప్పమ్మ తన గుంత వైపు చూసింది. గుడ్లు ఇక్కడ, తనెక్కడో! ఏడిస్తే వినేదెవరు? దాని చూపు నేస్తమైన కాకి మీద పడింది. దగ్గరికి పిలిచి చెవిలో ఏదో ఊదింది. కాకి రివ్వున ఎగిరిపోయింది. డిప్పమ్మ మెల్లగా బయల్దేరింది. మెల్లగా నడవడం దానికి ఒకరు నేర్పాలా!

కాసేపటికే కాకి రెక్కలు టపటపలాడిస్తూ వచ్చి వాలింది.

"శుభవార్త! దిగువ లోయలో ఎండిపోయిన చెరువు నిండిందట! అక్కడివాళ్ళు గంతులేస్తున్నారు. కట్ట తెంపిన పుణ్యాత్ముడికి ఏనుగు తలంత తేనెపట్టు ఇస్తారట! ఎవరండీ ఆయన?"

గుబురయ్యకు నోరూరింది.

"నేనే!" డిప్పమ్మ గిరుక్కున తిరిగింది. "పెద్దాయనే తీర్పు చెప్పారుగా. పద కాకమ్మా, ఆ పట్టేదో చూపించు!"

"ఆగవే!" గుబురయ్య ఒక్క గంతులో అడ్డం నిలబడ్డాడు. "నీ పొట్టికాళ్ళకు కట్ట తెగుతుందా? బండ లాగింది నేను! ఇదిగో, గోళ్ళ సందుల్లో పాచి ఇంకా ఆరలేదు, చూడండి!"

నక్క ఆయన కాలు గిల్లింది. అప్పటికే మాట నోరు దాటిపోయింది.

లోయంతా రంకెలు, కేకలు!

"మరి... తేనె?" గుబురయ్య నీళ్ళు నమిలాడు.

"తేనె లేదు, తుట్టె లేదు. నీ నోటి నుంచి నిజం రాల్చడానికి డిప్పమ్మ చెప్పమన్న మాట!" కాకి కావుకావుమని నవ్వింది.

"అయితే ఏంటట? నేను పెద్దని! నన్ను అడిగేదెవరు?"

"పెద్దవాడివి కాబట్టే అడుగుతున్నాం!" అడవిదున్న కొమ్ములు విసిరింది. "పెత్తనం మేమిచ్చిందే, మేమే తీసేస్తున్నాం. డిప్పమ్మకు క్షమాపణ చెప్పు. తర్వాత ఆ బండ ఎత్తు!"

గుబురయ్య తల వంచి క్షమాపణ చెప్పాడు. డిప్పమ్మ తన గుడ్ల మీద ఇసుక కప్పి, హాయిగా ఊపిరి పీల్చుకుంది. మండుటెండలో గుబురయ్య రాళ్ళు మోస్తుంటే, తందాన పాడిన నక్క వెనకాల మట్టి మోసింది. కట్ట మళ్ళీ లేచేదాకా వాళ్ళిద్దరినీ ఎవరూ కూర్చోనివ్వలేదు.

నీతి: పెత్తనం ఎవరిదో, జవాబు చెప్పాల్సిన బాధ్యతా వారిదే.