హద్దు లేని బొజ్జ

రాయవలస ప్రభువుకు బిళ్ళంగోడు ఆటంటే ప్రాణం. దసరాకు ఏటా పెదమేడ సంస్థానంతో పోటీ. ఓడిన జట్టు నాయకుడు గెలిచిన నాయకుణ్ణి వీపున ఎక్కించుకుని, ఊరంతా చూస్తుండగా మైదానం చుట్టి రావాలి. అది తాతలనాటి ఆచారం.

ఆ ఏడు మంత్రి సూరపరాజు పట్టుబట్టి ఆటగాళ్ళ జీతాలకు హద్దు పెట్టించాడు. ఎంతటి ఆటగాడికైనా నెలకు పది వరహాలు దాటకూడదు.

"కర్రముక్కను ఎగరేసి కొట్టడం కూడా ఒక విద్యేనా ప్రభూ?" అన్నాడు.

ఆటగాళ్ళు కర్రలు కింద పడేశారు. హద్దు తీస్తే గానీ మళ్ళీ ముట్టుకోమని వాళ్ళ నాయకుడు ఓబులేసు తెగేసి చెప్పాడు.

పండుగ ముంచుకొచ్చింది. దిక్కుతోచని ప్రభువు ఆస్థాన విదూషకుడు చిట్టిభొట్లును పిలిపించాడు.

"మంత్రికి మాటిచ్చాను. తప్పలేను. హద్దు తీసెయ్యమని ఆయన నోటితోనే అనిపించు. లేదంటే నీ భోజనానికీ హద్దు పెడతాను. పూటకు పిడికెడు మెతుకులు! ఎందుకు మేపుతున్నానో తెలీదు, దండగ బొజ్జ!"

తన తెలివి మీద చిట్టిభొట్లుకు ఎన్నడూ నమ్మకం లేదు. అది అవసరానికి ఎప్పుడూ ఇంట్లో ఉండేది కాదు. బొజ్జ అలా కాదు, ఏ గుమ్మంలోకైనా ఆయనకంటే ముందే వెళ్ళేది. ఇక దాన్నే నమ్ముకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పులిహోర, గారెలు దట్టించి సభకు వచ్చాడు.

"ప్రభూ, మంత్రిగారన్నది నిజం. కర్ర తిప్పడం ఎవరికి రాదు, నాకు తప్ప? ఈసారి జట్టుకు వారే నాయకులైతే సరి."

సూరపరాజు మీసం దువ్వాడు. "ఓస్, అంతేగా! నేనే ఆడతాను."

"సంతోషం. పెదమేడ నాయకుడిది అచ్చం నా విగ్రహమే. గెలుపోటములు దైవాధీనం గానీ, ఆచారానికి సాధన ఉండాలి గదండీ. కాస్త వంగండి, ఎక్కుతాను."

నిండు సభలో కాదనలేక మంత్రి వంగాడు. చిట్టిభొట్లు ఎక్కాడు. మంత్రి నాలుగడుగులు వేశాడో లేదో తలపాగా జారింది, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"దిగవయ్యా, చచ్చాను!"

"అయ్యో, ఇంకా మైదానమే మొదలవలేదు. అయినా మీకు బెంగెందుకు? గెలిస్తే మోత వాళ్ళది. ఏం, గెలవరా?"

సూరపరాజుకు కర్ర ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. ఊరంతా కళ్ళముందు మెదిలింది.

"ప్రభూ! ఆ హద్దు తీసెయ్యండి! ఓబులేసును పిలిపించండి! ఎంతడిగితే అంత ఇచ్చెయ్యండి!"

ప్రభువు పడీపడీ నవ్వాడు. "భేష్ చిట్టిభొట్లూ! ఏం కావాలో కోరుకో."

చిట్టిభొట్లు మంత్రి వీపు మీంచి దిగకుండానే చేతులు జోడించాడు.

"పని చేసింది నేను కాదు, తమరు దండగన్న ఈ బొజ్జ. బహుమతి దానికే వడ్డించండి!"

సభ ఘొల్లుమంది. ప్రభువు తన మెడలోని హారం తీసి ఆయన మెడలో వేసి, వంటశాలకు కబురు పంపాడు: ఈ బొజ్జకు హద్దు లేదు.