నక్క నాంచారి నేరేడు జామ్

కొండవాగు దాటితే అడవి జంతువుల సంత. అల్లాటప్పా సంత కాదండోయ్! సింహంగారి ముద్ర లేనిదే అక్కడ ఒక్క సీసా దించడానికి వీల్లేదు. పళ్లు కుళ్లినవి కాకూడదు, మూత బిగుతుగా ఉండాలి, లోపల ఏమేం వేశారో సీసా మీద రాసి తీరాలి. ఇవన్నీ చూసుకునే అధికారి అడవిదున్న. పొగిడినా తిట్టినా ఆయనకొకటే, దున్నపోతు మీద వాన కురిసినట్టే.

ఆ సంతలో నేరేడు జామ్ కొట్లు రెండే, అవీ పక్కపక్కనే. ఒకటి ఎలుగుబంటి ఎంకటమ్మది, రెండోది నక్క నాంచారిది. నేరేళ్ల కాలం ఎంతసేపు? ఇట్టే వస్తుంది, ఇట్టే పోతుంది. ఆ కాస్త కాలంలో అమ్ముకున్నదే ఇద్దరికీ ఏడాదంతా తిండి.

పొద్దున్నే కుందేళ్లూ కోతులూ ముంగిసలూ ఎంకటమ్మ కొట్టు ముందు బారులు తీరితే, నాంచారి కడుపులో కుంపటి రాజుకునేది.

"ఏముందంట ఆ బొచ్చుదాని దగ్గర? నా దగ్గర లేనిదేముందంట?" అని పళ్లు నూరేది. పొయ్యి మీద తన జామ్ ఉడుకుతున్నా చూపు మాత్రం పక్క కొట్టు మీదే. గరిటె తిప్పేది, సీసాల్లో పోసేది, మూత బిగించేది. ఎలా కుదిరిందో ఓ చుక్క నాలుక మీద వేసుకుని చూసిన పాపాన పోలేదు. పోనీ ఎంకటమ్మ జామ్ తిని చూసిందా అంటే అదీ లేదు. "ఛీ, దాని ముద్ద నా నోట్లోకా? నా పరువేం కాను!" అనేది.

దారితప్పి ఏ ఉడతో వచ్చి "అమ్మా, ఒక సీసా ఇస్తావా?" అని అడిగితే ఊరుకునేదా?

"ఇస్తాలే గానీ, ఆ ఎంకటమ్మ జామ్ కలిపే గరిటెతోనే వీపు గోక్కుంటుందట, నీకు తెలుసా?"

ఆ మాట విన్నాక ఎవరికి తినబుద్ధవుతుంది చెప్పండి! ఉడత ఉత్తచేతులతోనే పోయేది.

ఓరోజు ఎంకటమ్మ సరుకు మధ్యాహ్నానికే అయిపోయింది. ఖాళీ బుట్ట దులుపుకుంటూ, "నాంచారీ, మిగిలినవాళ్లని నీ కొట్టుకి పంపనా?" అంది మంచిగానే.

అంతే! నాంచారికి అరికాలి మంట నెత్తికెక్కింది. 'దాని ఎంగిలి బేరాలు నాకా!' అనుకుని తిన్నగా అడవిదున్న దగ్గరికి పరిగెత్తింది.

"అయ్యగారూ, ఘోరం! ఎంకటమ్మ కుళ్లిన పళ్లు వేస్తోంది. తింటే గొంతు దురద, కడుపులో నొప్పి!"

అడవిదున్న నెమరు ఆపాడు. "నువ్వు తిన్నావా?"

"తినకుండా చెబుతానా దొరా!"

"సరే. చట్టం తెలుసుగా? ఫిర్యాదు చేసినవాళ్లు అందరి ముందూ కళ్లకి గంతలు కట్టుకుని తినాలి. ఒక దొప్పలో ఆమె జామ్, ఒక దొప్పలో నీ జామ్. నువ్వు చెడ్డదన్నదానికి ఈ నేరేళ్ల కాలమంతా ముద్ర రద్దు. తర్వాత మాట మారిస్తే కుదరదు."

నాంచారి లోలోపల మురిసిపోయింది. పైకి ఎన్ని కూసినా, ఎంకటమ్మ జామ్ తనదానికన్నా బాగుంటుందని దానికి గట్టి నమ్మకం. లేకపోతే అంతమంది ఎందుకు ఎగబడతారు? ఇంకేం, బాగున్నదాన్ని పట్టుకుని బాగోలేదంటే సరి!

మర్నాడు సంతంతా మూగింది. ఎంకటమ్మ బిక్కమొహం వేసుకుని, "నీకు నేనేం అన్యాయం చేశానే నాంచారీ? పిల్లలు గలదాన్ని, నా కూడు పడగొడతావా?" అంది.

"నిజం నిలకడ మీద తెలుస్తుంది వదినా!" అంటూ నక్క కళ్లకి గంతలు కట్టించుకుంది.

మొదటి దొప్పలోంచి ఓ ముద్ద నోట్లో వేసుకుంది. తియ్యగానే ఉంది గానీ పలచన, పైగా అడుగంటిన వాసన. 'ఇది నాదే, నా ఖర్మలాగే ఉంది' అనుకుంది.

రెండో దొప్ప. ఆహా! పండు వగరూ బెల్లం తీపీ కలిసి నాలుక మీద కమ్మగా కరిగిపోయాయి. నాంచారికి తెలియకుండానే తోక ఊగింది. ఆ వెంటనే ఏడుపు ముంచుకొచ్చింది. 'ఇంత రుచి పక్కనుంటే నా మొహం ఎవరు చూస్తారు? ఉండు, నీ పని చెబుతా!' అనుకుని తుపుక్కున ఉమ్మేసింది.

"థూ! గొంతు పట్టేసింది దొరా! పళ్లూ కుళ్లే, బెల్లమూ కుళ్లే!"

"ఆలోచించే చెబుతున్నావా?"

"నా తోక మీద ఒట్టు!"

అడవిదున్న దొప్ప ఎత్తి అడుగున వేసిన గుర్తు చూశాడు. "ఇది నక్క నాంచారి జామ్. ముద్ర రద్దు."

నాంచారి గంతలు ఊడబెరుక్కుంది. "అదెలా దొరా? అంత బాగుంటేనూ!"

సంతంతా గొల్లున నవ్వింది. అడవిదున్న మాత్రం నవ్వలేదు. "నాకు సరిగా వినపడలేదు. బాగుందంటే నీ ఫిర్యాదు అబద్ధం, సంతలోంచే వెలి. బాగోలేదంటే ఈ ఏడుతో పోతుంది. ఏదో ఒకటి చెప్పు."

"బాగోలేదు దొరా" అని నాంచారి గొణిగింది.

ఈలోగా ఎంకటమ్మ ఆ దొప్పలో వేలు పెట్టి నాకింది. "అయ్యో, ఎంత బాగా కుదిరిందే తల్లీ! వచ్చినవాళ్లతో కబుర్లలో పడి నాది రోజూ అడుగంటుతూనే ఉంటుంది. ఇంత పనితనం పెట్టుకుని నా మీద పడి ఏడ్చావేమే?"

నాంచారి సీసాలన్నీ బుట్టకెత్తుకుని వాగు దాటింది. ఆ ఏడాది నాంచారి తన జామ్ తానే తింది, తిన్నప్పుడల్లా ఏడ్చింది.

పక్క కొట్టు మీద పడి ఏడ్చేవాళ్లకి సొంత సరుకు రుచి తెలియదు.