నాభిదుంప నిద్ర

అనగా అనగా, మూడు వైపులా కొండలు కాపుకాసే దేశంలో ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. వారి తరువాత మందారిక అనే ఒక్కగానొక్క కూతురు. తల్లి లేని పిల్ల. కోటలో తెల్లవారిందని అందరికీ తెలిసేది ఆమె నవ్వుతోనే.

ఒక కార్తీకమాసంలో ఏడు సముద్రాల ఆవలి నుంచి బూడిదజడల మాంత్రికుడు వచ్చి, పిల్లనిమ్మని అడిగాడు. మందారిక ఒప్పుకోలేదు. వాడు కోపగించలేదు. చిటిక వేశాడు, అంతే. ఆమె నిలబడిన చోట మూడు అడవినాభి తీగ దుంపలు పడి ఉన్నాయి. ఒక్కొక్కటీ రెండు కొమ్ములుగా చీలి ఉంది.

“ఒకదానిలో నీడ, ఒకదానిలో నవ్వు, ఒకదానిలో ప్రాణం ఉన్నాయి. ఏది ఏదో నేను చెప్పను. పెరట్లో పెంచుకోండి. పూసినది మీది, పూయనిది మట్టిది,” అని వాడు వెళ్లిపోయాడు.

అన్నదమ్ములు ముగ్గురూ తలొక దుంప పాతుకున్నారు. వానలు వెనుదిరిగాయి. మొలక లేదు. రోజూ సందెవేళ పాదుల దగ్గర మందారిక గొంతు వినిపించేది.

“అన్నా, దాహం! గుక్కెడు నీళ్లు పోయవూ?”

పెద్దవాడు తట్టుకోలేక కుండలకొద్దీ నీళ్లు పోశాడు. పుష్యం నాటికి అతని దుంప కుళ్లిపోయింది.

“అన్నా, ఊపిరాడటం లేదు! ఒక్కసారి మట్టి తీయవూ?”

రెండవవాడు బతికి ఉందో లేదో చూద్దామని తవ్వాడు. పార తగిలి ఒక కొమ్ము కొన విరిగింది. మొలక వచ్చేది కొమ్ముల కొనలనుంచే. అతను ఏడుస్తూ దుంపను తిరిగి కప్పి, ఆ వైపు చూడటమే మానేశాడు.

మూడవవాడు నాగకేతుడు చెవులు మూసుకుని అడవికి పరుగెత్తాడు. ఒకప్పుడు అతను ఉచ్చులోనుంచి విడిపించిన ముళ్లపంది ఎదురయింది.

“నా చెల్లెలు పిలుస్తోంది. ఏం చేయను?”

“దుంపలు తవ్వి బతికేదాన్ని, నా మాట విను బాబూ. తొలివాన దాకా నిద్రపోయే దుంప మాట్లాడదు. మాట్లాడేది మీ గోడమీద కూర్చున్న చిలుక. మాంత్రికుడి ప్రాణం దానిలోనే ఉంది. నీ చెల్లెలి గొంతూ దానిలోనే ఉంది. బాణం వేశావా, రెండూ ఎగిరిపోతాయి.”

“మరి?”

“పందిరి వేసి ఊరుకో. దుంపను తాకకు, తడపకు. ఊరుకోవడం కత్తియుద్ధం కంటే కష్టం, తెలుసా?”

నాగకేతుడు ఏడు సముద్రాలు దాటలేదు. ఏడు నెలలు కూర్చున్నాడు.

“రాజకుమారుడివా, కొంగవా?” అని పెద్దన్న ఎగతాళి చేసేవాడు.

“కొంగనే అన్నయ్యా. కొంగకు చేప దొరుకుతుంది కదా!”

చిలుక గోడ దిగి పందిరిమీదికి చేరింది. “అన్నా, నీకు నామీద ప్రేమ లేదా?” అనేది. అతని గోళ్లు అరచేతిలో దిగబడేవి. చేయి మాత్రం మట్టివైపు కదలలేదు.

మృగశిర కార్తెలో తొలివాన పడింది. మట్టి పగిలి పచ్చని ముక్కు బయటికి వచ్చింది. తీగ పందిరి ఎక్కింది. ప్రతి ఆకు కొసా వేలిలా వంగి, అందినదాన్ని పట్టుకుంది. మొగ్గ విచ్చే సాయంత్రం చిలుక దాన్ని కొరకబోయింది. ఒక ఆకు కొస మెల్లగా దాని మెడను చుట్టింది. మరొకటి చుట్టింది. గాలి లేదు, ఆకులు మాత్రం బిగిశాయి. చిలుకలోని గొంతు తీగలోకి దిగింది. ఏడు సముద్రాల ఆవల మాంత్రికుడు కంఠం పట్టుకుని కూలిపోయాడు.

పసుపు, ఎరుపు కలిసిన మంటలా పువ్వు విచ్చింది. దాని కింద మందారిక నిలబడి ఉంది.

“అన్నా,” అంది. ఈసారి గొంతు ఆమెదే. కానీ ఆమె నీడ నేలమీద పడలేదు. ఆమె నవ్వలేదు.

పొరుగుదేశపు మణిధరుడు ఆమెను కోరి పెళ్లాడాడు. “నా నీడ ఇద్దరికీ సరిపోతుంది,” అన్నాడు. రాజు నాగకేతుడికి పట్టం కట్టాడు. రెండవవాడి పాదును ఎవరూ కదపరాదని కొత్తరాజు ఆజ్ఞాపించాడు.

మరుసటి మృగశిరలో, విరగని రెండవ కొమ్మునుంచి మొలక లేచింది. అది పూసిన ఉదయం, పుట్టింటికి వచ్చిన మందారిక గదిలోనుంచి పకపకా నవ్వు వినిపించింది. అన్నలు ముగ్గురూ మెట్లమీదే కూర్చుండిపోయారు.

నాగకేతుడు చాలాకాలం చల్లగా ఏలాడు. ఆ దేశంలో ఎండిపోయిన పాదును ఎవరూ తవ్వి చూడరు.